సర్వర్ మిల్లుది, పాస్‌వర్డ్ మాత్రం వెండర్‌దా?

పోయిన వానాకాలం పంట సీజన్‌లో మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో జరిగింది ఇది. ఇన్నాళ్లూ రాయొద్దనుకున్నాను. మళ్లీ ధాన్యం వచ్చే రోజులు దగ్గర పడుతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రం ఆరింటికి కరెంటు పోయి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీలు పాతవి, ఆగలేదు. మిగతా కంప్యూటర్లన్నీ లేచాయి, సర్వర్ లేవలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పచ్చ లైటు వెలుగుతోంది, నెట్‌వర్క్‌లో పింగ్ చేసి పిలిస్తే మాత్రం పలకడం లేదు. కాంటా మీద తూకం వేసిన ప్రతి బండి లెక్కా ఆ సర్వర్‌లోకే పోతుంది. గుమస్తా ఫోన్ చేసేసరికే ట్రాక్టర్లు రోడ్డు మీదికి వచ్చేశాయి. ఫోన్‌లోనే వెనకాల ఒక రైతు గొంతు వినిపిస్తోంది: "మబ్బు పట్టింది సేటూ, వడ్లు తడుస్తయి."

ఆ మిల్లు సర్వర్ చూసుకునేది నేనే, ఉండేది నల్గొండలో. ఆ సర్వర్‌కి వెనకాల మేనేజ్‌మెంట్ పోర్టు ఉంది, అంటే దూరం నుంచే సర్వర్‌ని చూసుకోవడానికి వేరేగా ఉండే నెట్‌వర్క్ సాకెట్. దాని పాస్‌వర్డ్ నా దగ్గర ఉంటే ఇంట్లో కూర్చునే మిల్లు నెట్‌వర్క్‌లోకి వెళ్లి దాని స్క్రీన్ మీద ఏముందో చూసేవాణ్ని. సర్వర్ అమ్మిన హైదరాబాద్ వెండర్‌కి ఫోన్ చేసి అడిగాను. "అది కస్టమర్‌కి ఇవ్వం సార్, సెక్యూరిటీ. రేపు పొద్దున ఇంజనీర్‌ని పంపిస్తాం" అన్నారు. బండి తీసి బయల్దేరాను. మిల్లులో ఉన్న మానిటర్లన్నీ కొత్తవి, సర్వర్‌కి ఉన్నది పాత వీజీఏ సాకెట్. స్టోర్ రూమ్‌లో దుమ్ము పట్టిన మానిటర్ ఒకటి వెతికి తగిలించేసరికి తొమ్మిదిన్నర అయింది.

స్క్రీన్ మీద ఉన్నది ఒక్క మాట: షెల్. దాని పక్కన కర్సర్ కొట్టుకుంటోంది. డిస్కులు బాగానే ఉన్నాయి, డేటా బాగానే ఉంది. తేదీ చూస్తే ఎన్నో ఏళ్ల కిందటిది, అంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. సెట్టింగులు చెరిగిపోయాయి, ఎక్కడి నుంచి బూట్ అవ్వాలో (లేవాలో) తెలియక మెషిన్ యూఈఎఫ్ఐ షెల్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత కమాండ్ల తెరలో, ఆగి ఎవరో ఒకరు చెప్తారని చూస్తోంది. 'మ్యాప్' కొడితే డిస్కులు కనిపించాయి. 'ఎఫ్‌ఎస్ జీరో కోలన్' అని డిస్కు లోపలికి వెళ్లి, 'బీసీఎఫ్‌జీ' కమాండ్‌తో బూట్ ఎంట్రీ మళ్లీ రాసి పెట్టి, ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో ఉబుంటు లైనక్స్‌ని లేపే గ్రబ్ ఫైలును పేరు పెట్టి పిలిచాను. సర్వర్ లేచింది. మొత్తం ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల కోసం రైతులు మూడున్నర గంటలు మబ్బు వంక చూస్తూ నిలబడ్డారు.

నా కోపం బ్యాటరీ మీద కాదు. డబ్బు పెట్టి కొన్న మనిషికి తన మెషిన్ తలుపు తాళం ఇవ్వకపోవడం మీద.

ఆ మేనేజ్‌మెంట్ పోర్టు వెనకాల ఉన్నది బీఎంసీ అనే వేరే చిన్న కంప్యూటర్. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, వైరులో కరెంటు ఉంటే చాలు, అది మేలుకునే ఉంటుంది. డెల్ వాళ్లు ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీ వాళ్లు ఐలో అంటారు, సన్ వాళ్లు ఐలామ్ అన్నారు. ఇలాంటి చిన్న కంప్యూటర్లతో మాట్లాడే పద్ధతికి ఐపీఎంఐ అనే ప్రమాణాన్ని ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి 1998లోనే తెచ్చాయి. 2004లో వచ్చిన 2.0 వెర్షన్‌తో సీరియల్ కన్సోల్‌ను (సర్వర్ అక్షరాల్లో మాట్లాడే తెరను) నెట్‌వర్క్ మీదుగా చూసే వీలూ ప్రమాణంలోకి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మా జిల్లాలో ఆ పోర్టుకి కేబుల్ పెట్టకుండానే 'ఇన్‌స్టాలేషన్ పూర్తయింది' అని సంతకం తీసుకుంటున్నారు. పూర్తి కాలేదు. కన్సోల్ తెరిచి చూపించేదాకా ఇన్‌స్టాలేషన్ సగమే.

నేను ఈ పని నేర్చుకున్నది సన్ సర్వర్ల మీద. వాటికి మానిటరే ఉండేది కాదు. సీరియల్ కేబుల్ పెట్టి, స్పీడు 9600 పెట్టి, 'ఓకే' ప్రాంప్ట్ ముందు కూర్చోవడమే. ఆ ప్రాంప్ట్ ఇచ్చే ప్రోగ్రామ్ పేరు ఓపెన్‌బూట్, దాంట్లో ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాషే ఉంటుంది. 'ప్రోబ్ స్కజీ ఆల్' అంటే డిస్కులన్నీ లెక్క చెప్పేది. 'ఆటో బూట్' ఫాల్స్ చేస్తే తనంతట తాను లేవకుండా మన మాట కోసం ఆగేది. నడుస్తున్న సర్వర్‌కి బ్రేక్ సిగ్నల్ పోతే మాత్రం అంతా ఉన్నచోటే ఆగిపోయి ఓకే ప్రాంప్ట్ వచ్చేది. సీరియల్ టెర్మినల్ స్విచ్ ఆపినా ఒక్కోసారి అదే జరిగేది. వెంటనే 'గో' అని కొడితే మళ్లీ నడిచేది. ఆ భయం నాకు ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. కన్సోల్ అంటే అంత శక్తి ఉన్న చోటు. అందుకే దాని తాళం బాధ్యత ఉన్నవాళ్ల దగ్గర ఉండాలి, ఊళ్లో లేనివాళ్ల దగ్గర కాదు.

సెక్యూరిటీ మాట నేను కొట్టిపారేయను. ఐపీఎంఐ 2.0లో ఒక లోపం ఉంది: యూజర్ పేరు తెలిసి అడిగితే చాలు, లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను ఊహించి సరిచూసుకోవడానికి పనికొచ్చే గుర్తు) ఇచ్చేస్తుంది. అది 2013 నుంచి అందరికీ తెలిసిన సంగతే. అందుకని ఆ పోర్టును ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తగిలించొద్దు, వేరే నెట్‌వర్క్‌లో పెట్టాలి, పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. ఓనర్ దగ్గర దాచడం మాత్రం సెక్యూరిటీ కాదు.

మిల్లుల వాళ్లకి, కాలేజీల్లో ల్యాబ్ చూసుకునే తమ్ముళ్లకి ఒక మాట. కొత్త సర్వర్ వస్తే అట్టపెట్టె స్క్రాప్‌కి వేసే ముందు చూడండి. కొన్ని సర్వర్లకి ముందు వైపు బయటికి లాగే చిన్న ట్యాగ్ ఉంటుంది, మొదటి పాస్‌వర్డ్ దాని మీదే ఉంటుంది. ఫోటో తీసుకోండి, తర్వాత పాస్‌వర్డ్ మార్చి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

లైనక్స్ అయితే ఇంకొకటి. గ్రబ్‌లో కెర్నల్ (లైనక్స్ అసలు గుండెకాయ) లైనుకి సీరియల్ కన్సోల్ చేర్చకపోతే, నెట్‌వర్క్ మీదుగా చూసేటప్పుడు మొదటి అక్షరాలు వచ్చి, కెర్నల్ మొదలవగానే తెర ఖాళీ అయిపోతుంది. మెషిన్ హ్యాంగ్ అయిందనుకుని కరెంటు తీసేసినవాళ్లను నేను చూశాను. ఫైల్‌సిస్టమ్ రిపేర్ జరుగుతున్నప్పుడు కరెంటు తీస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పిచ్చి అక్షరాలు వస్తుంటే స్పీడు తేడా ఉన్నట్టు, రెండు వైపులా 115200 పెట్టి చూడండి. బయటికి వచ్చే కీ కూడా ముందే నేర్చుకోండి. కన్సోల్ తెరిచే ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌లో అయితే టిల్డె (~), చుక్క. మీరు ఎస్‌ఎస్‌హెచ్ (ఇంకో మెషిన్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) లోంచి వెళ్లి ఉంటే టిల్డె రెండుసార్లు కొట్టాలి, లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్చే తెగిపోతుంది.

ఆ మిల్లు సేటు నా మాట విన్నారు. వెండర్‌కి ఉత్తరం రాసి పాస్‌వర్డ్ తెప్పించారు, మర్నాడే మార్చాం. బ్యాటరీ కూడా మార్చాం. ఈ సీజన్‌కి ముందు నేను చూసే మిల్లులన్నిటిలో సర్వర్ ఒకసారి ఆపి, నల్గొండలో మా ఇంటి నుంచే కన్సోల్ తెరిచి మళ్లీ లేపుతున్నాను. నాలుగు అయ్యాయి, రెండు మిగిలాయి. నా దగ్గర యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లు రెండు, పని చేసే వీజీఏ మానిటర్ ఒకటి ఉన్నాయి. మిర్యాలగూడ, హాలియా వైపు ఎవరికైనా ధాన్యం రోజుల్లో అవసరం పడితే అర్ధరాత్రైనా అడగండి, తెచ్చిస్తాను.