ఫ్లెక్సీకి పట్టినంత దానం

విశాఖపట్నంలో దానధర్మాలు అడుగంటిపోతున్నాయని వాపోయేవారు ఒక్కసారి ద్వారకానగర్ వచ్చి తల పైకెత్తి చూడాలని మనవి. అక్కడ ఒక బట్టల దుకాణం ముందు రెండంతస్తుల ఎత్తున కట్టిన ఫ్లెక్సీలో యజమానిగారు చేతులు జోడించి నవ్వుతున్నారు. ఆయనకు కుడిపక్కన దిక్కులేని పిల్లలు, ఎడమపక్కన నిలువనీడ లేని ఆడవారు, పాదాల దగ్గర ఆషాఢం తగ్గింపు ధరలు. గుప్తదానం గొప్పదని పూర్వులు చెప్పిన మాటను కాదనలేం గాని, ఆషాఢంలో సరుకు కదిలించవలసిన అగత్యం ఆ పూర్వులకు ఉన్నట్టు ఎక్కడా దాఖలా లేదు.

పిల్లల గృహంలో జరిగిన వితరణను దగ్గరుండి చూసే భాగ్యం నాకు కలిగింది కనుక, అందులోని క్రమశిక్షణను పాఠకుల దృష్టికి తేవడం నా విధి. పన్నెండున్నరకే వంట సిద్ధమైంది. ముఖ్య అతిథి కారు ఎన్‌ఏడీ కూడలి దాటేసరికి రెండు గంటలైంది. ఈలోగా పిల్లలు ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చుని ప్రార్థనాగీతాన్ని మళ్ళీ మళ్ళీ పాడారు. బిస్కెట్ ప్యాకెట్ అందుకోవడానికి పాపకు రెండు చేతులే చాలాయి గాని, ఇవ్వడానికి మాత్రం యజమానిగారు, వారి సతీమణి, కుమారులిద్దరు, మేనేజరు, ముఖ్య అతిథి అందరూ తలా ఒక చెయ్యి వేయవలసి వచ్చింది. "ఇటు చూడమ్మా" అని ఫొటోగ్రాఫరు ఎంత బతిమాలినా ఆ పాప ప్యాకెట్ వైపే చూడడంతో, దాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. ఒకే ప్యాకెట్‌తో రెండుసార్లు పుణ్యం దక్కించుకున్న వ్యాపార దక్షతను ఎవరైనా మెచ్చుకోవలసిందే.

2015 నాటి బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షన్ ఒకటుందని, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, చిరునామా వంటివి బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చని కొందరు పనిలేనివారు గుర్తుచేస్తూ ఉంటారు. ముఖాలు మసకచేస్తే వారు పేదపిల్లలని కొనుగోలుదారులకు తెలిసేదెలాగో మాత్రం వారెవరూ చెప్పరు.

ఆడవారి ఆశ్రయం విషయంలో దుకాణం మరింత ఉదారంగా వ్యవహరించింది; ఫ్లెక్సీ మీద వీధి పేరుతోపాటు, గుర్తుకోసం పక్కనున్న గుడి పేరు కూడా వేయించింది. మొగుడి దెబ్బలు తాళలేక రాత్రికి రాత్రి పారిపోయి వచ్చిన మనిషి, తానెక్కడుందో ఎవరికీ తెలియకూడదని కోరుకోవచ్చు. అది ఆమె స్వార్థం. ఆమెను వెతుక్కుంటూ తిరుగుతున్న మొగుడికి ఆటో ఖర్చు కలిసివచ్చిందన్న సంగతిని కూడా దానం పద్దులోనే రాయాలి. వారికి పంచినవి ఉన్ని దుప్పట్లు, అదీ సముద్రపు ఉక్కపోతకు ఒళ్ళంతా జిడ్డుకారే మే నెలలో; కాని దుప్పటి కప్పుతున్నప్పుడు ఫొటోలో కనిపించే కరుణ, విసనకర్ర ఇస్తున్నప్పుడు కనిపించదు కదా.

పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రేయింబవళ్ళు తెరిచి ఉండే ఆశ్రయాలు ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 జనాభా లెక్కల నాటికే మన నగరం 17 లక్షలు దాటింది. ఆ లెక్కన ఎన్ని ఫ్లెక్సీలకు అవకాశముందో మన వర్తక ప్రముఖులు ఇంకా గ్రహించినట్టు లేదు.

ఇంత జరిగాక ఆ ఆశ్రయం వార్డెన్ గారు కృతజ్ఞత చెప్పి ఊరుకోక, "దుప్పట్లు చాలా ఉన్నాయండి, నాలుగు నెలల కరెంటు బిల్లు బాకీ ఉంది, రాత్రి కాపలా ఆయాకు జీతమివ్వాలి, శానిటరీ ప్యాడ్లు కూడా అయిపోయాయి" అని విన్నవించారు. యజమానిగారు నొచ్చుకోలేదు. ప్యాడ్ల మాట వినబడనట్టు నటించి ఆవిడ మర్యాద కాపాడారు. రొక్కంగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు రాదని ఆడిటరుగారు హెచ్చరించి ఉన్నారు కనుక ఆయా జీతం వచ్చే ఏటికి వాయిదా పడింది. చెక్కు రూపంలో ఇవ్వవచ్చన్న ఊహ ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు. కరెంటు బిల్లు మొత్తం కట్టడానికి మాత్రం ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "కట్టేస్తానమ్మా, అదెంత పని! కాకపోతే ఆ బిల్లు కాగితం మీద మన దుకాణం పేరు, నా ఫొటో వేస్తారేమో ఈపీడీసీఎల్ వాళ్ళను ఒకసారి కనుక్కుని చెప్పండి" అన్నారు.