చమురు తినే బాక్టీరియా ఉంది కదా అని ఊరుకుందామా?

సముద్రంలో చమురు ఒలికిన ప్రతిసారీ, రెండ్రోజులు తిరక్కుండానే ఒక చల్లని వార్త వస్తుంది: చమురును తినేసే బాక్టీరియా ఉందట, టెన్షన్ అక్కర్లేదట. బాక్టీరియా ఉన్నమాట నిజం. టెన్షన్ అక్కర్లేదన్నదే పచ్చి అబద్ధం.

ఈ చమురు తినే బాక్టీరియాల్లో ఒకటైన ఆల్కానివోరాక్స్ బోర్కుమెన్సిస్‌కు శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టింది 1998లో. ఉత్తర సముద్రంలోని బోర్కుమ్ దీవి పేరే దానికొచ్చింది. మామూలప్పుడు ఉందా లేదా అన్నట్టుంటుంది. చమురు పడిందంటే చాలు, ఇబ్బడిముబ్బడిగా పెరుగుతుంది. సబ్బులాంటి పదార్థాన్ని తనే తయారుచేసుకుని, జిడ్డును చిన్న బొట్లుగా విడగొట్టి, వాటి చుట్టూ మూగి తింటుంది. గ్లూకోజ్ ఇచ్చినా పెద్దగా ముట్టదు!

అయితే అది తినేది ప్రధానంగా ఆల్కేన్లనే, అంటే చమురులో తేలిగ్గా విరిగే కార్బన్ గొలుసులనే. కార్బన్ వలయాలు అతుక్కుని ఉండే, క్యాన్సర్ భయమున్న పాలీఅరోమాటిక్‌ల పని పట్టాలంటే సైక్లోక్లాస్టికస్ లాంటి వేరే జాతులు రావాలి. తారులాంటి మడ్డి జోలికి ఏదీ సరిగా పోదు. పైగా చమురు నిండా కార్బనే. బాక్టీరియా పెరగడానికి కావాల్సిన నైట్రోజన్, ఫాస్ఫరస్ బయటి నుంచి అందాలి. అందుకే 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కాలో చమురు ఒలకబోసినప్పుడు, వరిచేలో యూరియా చల్లినట్టు ఒడ్డున చాలాచోట్ల ఎరువులు చల్లారు. కొంత పనిచేసింది కూడా. అయినా గాలాడని గులకరాళ్ల కింద ఆ చమురు ఇరవై ఏళ్ల తర్వాత కూడా తవ్వితే బయటపడింది.

2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సముద్రం అడుగున అదుపుతప్పిన ఓ బావి 87 రోజులు కక్కిన చమురులో చాలా భాగాన్ని సూక్ష్మజీవులే మింగాయి కదా అంటారు. నిజమే. అక్కడ సముద్రగర్భంలో చమురు సహజంగానే ఊరుతూ ఉంటుంది, వాటికది అలవాటైన తిండి. ప్రతి తీరానికీ ఆ అదృష్టం ఉండదు.

మన పక్కనే, చెన్నై దగ్గరున్న ఎన్నూరునే చూడండి. 2017 జనవరిలో రెండు ఓడలు గుద్దుకుంటే, చెన్నై తీరంలో జనం బకెట్లతో మడ్డి ఎత్తిపోశారు. 2023 డిసెంబరులో, మిచాంగ్ తుపాను వరదతో పాటు, చమురు శుద్ధి కర్మాగారమున్న మణలి వైపు నుంచి చమురు ఎన్నూరు క్రీక్‌లోకి (సముద్రపు పాయలోకి) కొట్టుకొచ్చింది. పడవలు, వలలు నల్లబడ్డాయి. మత్స్యకారులు మగ్గులతో తోడారు. దాదాపు ఏడేళ్లలో మన ప్రగతి బకెట్ నుంచి మగ్గుకి!

ప్రమాదం జరగకుండా చూడటం మనకు ఖర్చు, జరిగాక అద్భుతం కోసం వెతకడం మనకు సైన్స్. బాక్టీరియా జీతం అడగదు, కోర్టులో సాక్ష్యం చెప్పదు, కంపెనీలకు అంతకంటే ఏం కావాలి? పాడైన వలకు అది డబ్బు కట్టదు కదా. ఎంత ఒలికిందో మొదటి రోజే బయటపెట్టాలి, వేట ఆగిన ప్రతి రోజుకూ ఒలకబోసినవాళ్లే పరిహారం కట్టాలి. బాక్టీరియా కబుర్లు ఆ తర్వాత చెప్పుకోవచ్చు.