గిడుగు వారు, జాక్సన్ గారు, తదితరులు

ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా వీధి వాట్సాప్ గ్రూపు రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకే నిద్ర లేస్తుంది. లేపేది ఒక రిటైర్డు మాష్టారు. 'చరిత్రలో ఈ రోజు' అని పైన ఒక గులాబీ పెట్టి, పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ పేలినవాటినీ ఒకే దండగా గుచ్చి పంపుతారు. ఆయన లెక్కలో తేదీ ఒకటైతే గోత్రం ఒకటే.

ఆగస్టు 29 దండ చూడండి. 1831లో ఫారడే అయస్కాంతంతో కరెంటు పుట్టించవచ్చని కనిపెట్టాడు. 1863లో గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టారు. 1905లో ధ్యాన్‌చంద్. 1949లో రష్యావాళ్ల మొదటి అణుబాంబు పేలింది. 1958లో మైకేల్ జాక్సన్, 1959లో మన నాగార్జున.

"మాష్టారూ, గిడుగు వారికీ అణుబాంబుకీ సంబంధం ఏటండీ?" అని అడిగాను.

"తేదీ బాబూ, తేదీ!" అన్నారు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

ప్రపంచంలో 800 కోట్ల మందిని 366 తేదీలకి పంచితే తేదీకి రెండు కోట్ల పైచిలుకు తేలతారు. మా ఎదురింటి గేదె కూడా ఆగస్టు 29నే ఈనింది. దాన్నెందుకు వదిలేశారో మాష్టారే చెప్పాలి.

సరే, ఫోన్లో ఉన్నంతసేపు ఎవరికీ బాధ లేదు. పోయినేడు ఆ దండని స్టేజీ ఎక్కించారు. తెలుగు భాషా దినోత్సవం అన్నారు కదా అని వెళ్లాను. భోజనాలు పాతపట్నం నుంచి వస్తున్నాయన్న సంగతి కూడా నా భాషాభిమానాన్ని కాస్త పెంచింది, దాచను. ముఖ్య అతిథి మైకు అందుకుని "ఆ మహనీయుని జన్మదినమును పురస్కరించుకొని మనమందరము ఇచ్చట సమావేశమైతిమి" అని మొదలుపెట్టారు. మాట్లాడినట్టే రాయండి బాబూ అని జీవితమంతా పోరాడినాయన ఫోటోలోంచే వింటున్నారు. పాపం, లేచి వెళ్లే వీలు లేదు.

తర్వాత మాష్టారు దండ విప్పారు. ఫారడే పేరు ఎత్తగానే కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. చీకట్లోనే ధ్యాన్‌చంద్‌కి చప్పట్లు కొట్టాం. అణుబాంబు దగ్గర సభ రెండుగా చీలింది. సగం మంది మౌనం పాటించడానికి లేచారు, సగం మంది అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. కరెంటు వచ్చేసరికి జాక్సన్ వంతు. ఓ గుంటడు మూన్‌వాక్ చేస్తూ వెనక్కి, ఇంకా వెనక్కి జారి, గిడుగు వారి ఫోటోని స్టాండుతో సహా పడేశాడు. "పర్వాలేదు, పర్వాలేదు, కానీ!" అన్నారు ముఖ్య అతిథి. ఆ సాయంత్రం ఆయన నోట వచ్చిన వాడుక భాష అదొక్కటే.

చివర్లో ఏడో తరగతి పాప గిడుగు వారి మీద చక్కగా మాట్లాడింది, ఒక్క తడబాటు లేదు. మెచ్చుకుందామని దగ్గరికెళ్లి చేతిలో కాగితం చూశాను. మాటలన్నీ తెలుగే. అక్షరాలన్నీ ఒడియావి.

పాపని అనడం లేదు. ఒడియా నేర్చుకోవడం తప్పూ కాదు, ఉన్న ఊరి భాష రావాల్సిందే. నేను అడుగుతున్నది మనల్ని. 1880లో ముప్పై రూపాయల జీతం మీద ఈ ఊరి రాజావారి బడికి చరిత్ర చెప్పడానికి వచ్చిన మనిషి, కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలని ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకున్నాడు. సొంత డబ్బుతో సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించాడు. నిఘంటువు రాశాడు. ఆ ఊళ్లో మనం మన పిల్లలకి మన ఓనమాలు దిద్దించలేదు! ఆదివారం పూట ఒక గంట కూర్చోబెట్టి 'అ ఆ' రాయించవద్దని ఏ ప్రభుత్వం చెప్పింది? పలక అమ్మేవాడు లేడా? పూలదండకి డబ్బులున్నాయి, ఫ్లెక్సీకి ఉన్నాయి, భోజనాలకి ఉన్నాయి, బలపానికి లేవా? సిగ్గుండాలి. నాకూ ఉండాలి, మా మనవడికి నేనూ నేర్పలేదు.

మాష్టారి ఏప్రిల్ 1 దండ కూడా నాకు కంఠతా వచ్చు. 1935లో రిజర్వు బ్యాంకు, 1936లో ఒరిస్సా రాష్ట్రం, కింద ఏప్రిల్ ఫూల్ జోకు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపొద్దని గిడుగు వారు పోరాడారు. తాలూకాలో కొంత భాగం తెలుగువాళ్ల వైపు నిలిచింది గానీ ఊరు నిలవలేదు. కొత్త రాష్ట్రం మొదలైన రోజునే ఆయన ఇక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారని చెబుతారు. 70 దాటిన వయసు. నాలుగేళ్లకి, 1940లో, పోయారు.

ఇది కూడా దండలో గుచ్చండి మాష్టారూ, మన ఊరి సంగతే కదా అని ఈ ఏడాది మార్చి 31 రాత్రి మెసేజ్ పెట్టాను. వెంటనే రెండు నీలం గీతలు పడ్డాయి. చాలాసేపు ఏదో టైప్ చేస్తూ ఉన్నారు. చివరికి జవాబొచ్చింది.

"మంచి సమాచారం బాబూ. కానీ ఇది జననాల కింద వెయ్యాలా, మరణాల కిందా?"