సవరణ: మషో ‘మెస్ ద నోస్త్ర దామ్’ పట్టాభిషేక సంగీతమేనా?

14వ శతాబ్దపు ఫ్రెంచ్ కవి, స్వరకర్త గియోమ్ ద మషోపై రాసిన క్రితం వ్యాసంలో, ఆయన నాలుగు గొంతుల ఆరాధనా సంగీతం ‘మెస్ ద నోస్త్ర దామ్’ను 1364లో రాన్స్ నగరంలో జరిగిన ఫ్రాన్స్ రాజు ఐదవ చార్లెస్ పట్టాభిషేకం కోసం కూర్చారన్న వాక్యాన్ని సవరించి చదువుకోవాలని మనవి. ఆ మాట చాలాకాలం పుస్తకాల్లో చెలామణి అయినా, దానికి సమకాలిక ఆధారం లేదు. రాన్స్ కెథడ్రల్‌లో శనివారాలు మేరీమాతకు జరిగే ఆరాధన కోసం దాన్ని రచించారని, తరువాత అది మషో, ఆయన సోదరుడు ఝాన్‌ల స్మృత్యర్థం కొనసాగిందని పలువురు పరిశోధకులు భావిస్తున్నారు. సోదరులిద్దరూ ఆ కెథడ్రల్‌లోనే కానన్ (కెథడ్రల్‌కు చెందిన మతాధికారి) పదవిలో ఉన్నవారు గనుక ఈ వివరణే సబబుగా తోస్తుంది.

ఆయనను కేవలం చర్చి సంగీతకారుడిగా చూడటం కూడా సరికాదు. 1346లో క్రెసీ యుద్ధంలో మరణించిన బొహీమియా రాజు జాన్ కొలువులో అంతకు చాలా ముందే కార్యదర్శిగా పనిచేసిన మషో రచనల్లో సింహభాగం ప్రేమకవిత్వమే. బలాడ్‌లు, విర్లేలు అనే పాటల రకాలను అలా ఉంచితే, ‘నా అంతమే నా ఆరంభం’ అనే ఆయన రోందో (పల్లవి మళ్లీ మళ్లీ వచ్చే పాట) అపురూపమైనది: అందులో ఒక గొంతు పాడిన స్వరాలనే మరొక గొంతు చివరి నుంచి మొదటికి పాడుతుంది. 1377లో మరణించిన ఆయన, తన కవితలను, పాటలను కలిపి సంపుటాలుగా రాయించి భద్రపరచుకున్నారు.