వాట్లకు వాట్లు సరిపెట్టి రిసీవర్ కొనకండి

హోం థియేటర్ కొనబోయేవాళ్లకు చేతులు మారుతూ వచ్చే సలహా ఒకటుంది. దాని సారం ఇది: స్పీకర్ వెనుక 100 వాట్లని ఉంటే రిసీవర్ (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్ పెట్టె) కూడా 100 వాట్లదే కొనాలి. అంతకు మించితే స్పీకర్లు కాలిపోతాయి. స్పీకర్లన్నిటి ఓమ్‌లూ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు, అంటే ఇంపీడెన్స్) ఒకటే ఉండాలి. 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే రిసీవర్ పోతుంది, తప్పదనుకుంటే సెట్టింగుల్లో ఓమ్‌లు మార్చుకోవాలి. స్పీకర్లూ రిసీవరూ ఒకే కంపెనీవైతే మరీ మంచిది.

గుర్తుపెట్టుకోవడానికి తేలిగ్గా ఉంది కాబట్టే ఇంతగా తిరుగుతోంది. కానీ ఇందులో కొన్ని మాటలు పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజాలు. దీన్ని నమ్మి కొన్నవాళ్లలో కొందరు అక్కర్లేని వాట్లకు డబ్బు పోస్తున్నారు, కొందరు చాలని రిసీవర్‌ను గరిష్ఠానికి తిప్పి ట్వీటర్లు (స్పీకర్‌లో పై స్వరాలు పలికే చిన్న భాగాలు) పోగొట్టుకుంటున్నారు. అందుకే ఒక్కో మాటా విడదీసి చూడాలి.

"స్పీకర్ 100 వాట్లైతే రిసీవర్ 100 వాట్లు"

ఈ రెండు అంకెలూ ఒకే విషయం చెప్పవు. స్పీకర్ మీది వాట్లు దాని ఓర్పుకు హద్దు: లోపలి వాయిస్ కాయిల్ ఎంత వేడిని తట్టుకుంటుందో చెబుతాయి. రిసీవర్ మీది వాట్లు అది గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో చెబుతాయి. 100 వాట్ల రిసీవర్ ఎప్పుడూ 100 వాట్లు తోయదు. రాత్రిపూట వార్తలు వినేటప్పుడు ఒక్కో స్పీకర్‌కు వెళ్లేది ఒక వాట్ కూడా ఉండదు.

జత కుదిర్చేటప్పుడు ముందు చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ. 2.83 వోల్టులిచ్చినప్పుడు మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు వస్తాయన్నది ఆ అంకె. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాట్. 4 ఓమ్‌ల స్పీకర్‌కు అదే వోల్టేజి రెండు వాట్లవుతుంది. అందుకని 4 ఓమ్‌ల స్పీకర్ మీద 2.83 వోల్టులకు 88 అని ఉంటే, వాట్ లెక్కలో దాన్ని 85గా తీసుకోవాలి. ఈ మూడు డెసిబెళ్ల తేడాను చాలామంది గమనించరు.

ఇక లెక్క. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే, చెవికి ఓ మోస్తరు తేడా. శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే 10 డెసిబెళ్లు కావాలి, దానికి పదింతల వాట్లు కావాలి. 80 వాట్ల రిసీవర్ వదిలి 100 వాట్లది కొంటే వచ్చే లాభం ఒక డెసిబెల్. అది కొనుగోలును తేల్చాల్సిన తేడా కాదు.

దూరం వల్ల తగ్గుదల కూడా ఉంటుంది. ఆరుబయట 3 మీటర్ల దూరానికి దాదాపు 9.5 డెసిబెళ్లు పోతాయి. గదిలో గోడలు కొంత తిరిగిస్తాయి కాబట్టి 3 కలుపుకోవచ్చు. 8 ఓమ్‌లు, 88 డెసిబెళ్ల స్పీకర్, సోఫా 3 మీటర్లలో ఉందనుకుంటే, ఒక వాట్‌కు సోఫా దగ్గర 81.5 వస్తుంది. సినిమా థియేటర్ ప్రమాణంలో ఒక్కో ప్రధాన ఛానల్ (అంటే ఒక్కో స్పీకర్‌కు వెళ్లే ధ్వని) గరిష్ఠం 105 డెసిబెళ్లు. ఇళ్లలో అంత ఎవరూ పెట్టరు. ప్రమాణం కన్నా 20 తక్కువలో చూస్తే గరిష్ఠం 85, అంటే కావాల్సింది రెండు వాట్ల పైచిలుకు. 10 తక్కువలో, అంటే బాగానే గట్టిగా చూస్తే, 95కు 22 వాట్లు. పూర్తి 105 కావాలంటే 220 దాటుతుంది.

అదే సోఫాకు 92 డెసిబెళ్ల స్పీకర్ పెడితే పూర్తి ప్రమాణానికీ 90 వాట్లు చాలు. 84 డెసిబెళ్ల చిన్న స్పీకర్‌ను 5 మీటర్ల దూరపు హాల్లో పెడితే 95కే దాదాపు 160 వాట్లు కావాలి. 105 అడిగితే 1,500 వాట్లు దాటిపోతుంది, ఆ స్పీకరే తట్టుకోదు. ఈ రెండు స్పీకర్ల వెనుకా "100 వాట్లు" అనే రాసి ఉండొచ్చు. సలహా పాటిస్తే ఇద్దరూ ఒకే రిసీవర్ కొంటారు.

"రిసీవర్ వాట్లు ఎక్కువైతే స్పీకర్లు కాలిపోతాయి"

స్పీకర్‌ను కాల్చేది రిసీవర్ మీది అంకె కాదు, దానిలోకి నిలకడగా వెళ్లే శక్తి. 150 వాట్ల యాంప్లిఫయర్‌తో 60 వాట్ల స్పీకర్‌ను ఏళ్ల తరబడి నిక్షేపంగా వాడుకోవచ్చు, శబ్దం చితికే చోటికి వాల్యూమ్ తీసుకెళ్లకపోతే చాలు.

దీనికి ఎదురుగా "తక్కువ వాట్ల రిసీవరే ప్రమాదం" అన్న మాట కూడా తిరుగుతుంటుంది. దాన్నీ యథాతథంగా నమ్మకూడదు. 30 వాట్ల రిసీవర్‌ను దాని హద్దులో వాడితే ఏ స్పీకరూ పోదు. హద్దు దాటించినప్పుడే చిక్కు. అప్పుడు తరంగాల శిఖరాలు తెగిపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా క్లిప్ అయిన యాంప్లిఫయర్ తన రేటింగ్‌కు రెట్టింపు సగటు శక్తిని తోయగలదు. మరో సంగతి ముఖ్యం: బేస్ శిఖరాలు హద్దుకు తగిలి ఆగిపోయాక కూడా వాల్యూమ్ పెంచుతూ పోతే పై స్వరాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. అవి వెళ్లేది ట్వీటర్‌కు. 100 వాట్ల స్పీకర్‌లో ట్వీటర్ ఒక్కటే నిలకడగా ఓర్చుకునేది అందులో చిన్న వాటా. పాట మామూలుగా ఉన్నప్పుడు దానికి అంతకన్నా ఎక్కువ అందదు కాబట్టే బతుకుతుంది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో ఇంటి రిసీవర్‌ను గంటల తరబడి చివరిదాకా తిప్పినప్పుడు ట్వీటర్ పోయేది ఇందువల్లే. "స", "ష" అక్షరాలు గరగరలాడడం, డోలు దెబ్బ మొద్దుబారడం మొదలైతే వెంటనే వాల్యూమ్ తగ్గించాలి.

పెట్టె మీది వాట్లు

ఈ సలహా ఇచ్చేవాళ్లు ఏ వాట్లను సరిపోల్చాలో చెప్పరు. ఒకే రిసీవర్‌కు ఒక చోట 80, మరో చోట 150కి పైన కనిపించొచ్చు. రెండూ అబద్ధాలు కావు. మొదటిది 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.1 శాతం లోపు వక్రీకరణ, రెండు ఛానళ్లు ఒకేసారి నడుస్తుండగా కొలిచింది. రెండోది 6 ఓమ్‌లు, ఒక్క 1 కిలోహెర్ట్జ్ స్వరం, 10 శాతం వక్రీకరణ, ఒకే ఛానల్. పది శాతమంటే స్పష్టంగా చితికిన శబ్దం. ఎప్పుడూ మొదటి అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఇలాంటి అంకెల గారడీని కట్టడి చేయడానికే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన తెచ్చింది. మన దుకాణాల్లో ఒకప్పుడు టేప్ రికార్డర్ల మీద వేలల్లో కనబడిన పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం అని చెప్పుకునే) వాట్లకైతే ఏ ప్రమాణమూ లేదు. పాత స్పీకర్ల మీద ఆ అంకె కనిపిస్తే దాన్ని వదిలేయండి.

ఏడు ఛానళ్లనూ ఒకేసారి పూర్తిగా నడిపితే ఆ 80 కాస్తా 50 దరిదాపులకు దిగొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే కదా. భయపడాల్సింది లేదు: ఆ తేడా 2 డెసిబెళ్లే, పైగా సినిమాల్లో ఏడు ఛానళ్లూ ఒకే క్షణంలో గరిష్ఠం అడగడం అరుదు.

"ఓమ్‌లన్నీ ఒకటే ఉండాలి"

రిసీవర్‌లో ఒక్కో ఛానల్‌కు వేరే యాంప్లిఫయర్ ఉంటుంది. ముందువి 6 ఓమ్‌లు, సెంటర్ 8, వెనుకవి 4 ఉన్నా ఒకదానికొకటి సంబంధం లేదు. శబ్దంలో వచ్చే హెచ్చుతగ్గులను మైక్‌తో కొలిచి చేసే సెటప్‌లో రిసీవర్ సరిచేస్తుంది. ఓమ్‌లు కలిసిపోయేది ఒకే జత టెర్మినళ్లకు రెండు స్పీకర్లు తగిలించినప్పుడే. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు అలా కలిస్తే 4 అవుతాయి, రెండు 4లు కలిస్తే 2 అవుతాయి. రెండోది ఇంటి రిసీవర్‌తో చేయకూడని పని.

4 ఓమ్‌ల విషయంలో మాత్రం సలహాలో కొంత నిజముంది. 8 ఓమ్‌లకు 80 వాట్లంటే దాదాపు 25 వోల్టులు, 3.2 ఆంపియర్లు. అదే వోల్టేజికి 4 ఓమ్‌ల స్పీకర్ 6.3 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు ఇవ్వలేని రిసీవర్ వేడెక్కి, తనను తాను కాపాడుకునే ప్రొటెక్ట్ స్థితిలోకి వెళ్లి ఆగిపోతుంది. అయితే ఇది వాల్యూమ్‌ను బట్టి ఉంటుంది. 3 మీటర్ల దూరంలో మామూలుగా చూసేవాళ్లకు రిసీవర్ ఇచ్చేది అయిదు పది వాట్లు, అక్కడ 4 ఓమ్‌లు ఇబ్బంది పెట్టవు. పైగా "8 ఓమ్‌లు" అన్నది నామమాత్రపు అంకె. ప్రమాణం ప్రకారం కనిష్ఠం అందులో 80 శాతానికి, అంటే 6.4కు తగ్గకూడదు. అయినా 8 అని రాసి 4 దాకా దిగే స్పీకర్లు మార్కెట్లో ఉన్నాయి. కాబట్టి వెనుక ముద్రించిన అంకెతో ఆగకుండా కనిష్ఠ ఇంపీడెన్స్ ఎంతో, అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరో స్పెసిఫికేషన్లలో వెతకండి.

మన ఇళ్లలో ఇంకో సందర్భం తరచుగా వస్తుంది. పాత డీవీడీ హోం థియేటర్ సెట్ పాడైతే దాని స్పీకర్లను కొత్త రిసీవర్‌కు వాడాలనుకుంటారు. వాటిలో చాలావాటి వెనుక 3 ఓమ్‌లో 4 ఓమ్‌లో ఉంటుంది. 3 ఓమ్‌లవి వద్దు. ఆ సెట్ సబ్‌వూఫర్‌కు చాలాసార్లు సొంత యాంప్లిఫయర్ ఉండదు, స్పీకర్ వైరే ఉంటుంది. దాన్ని రిసీవర్ సబ్‌వూఫర్ అవుట్‌కు కలిపితే శబ్దం రాదు, ఎందుకంటే అక్కడ వచ్చేది సిగ్నలే, శక్తి కాదు. లేబుల్ చెరిగిపోయిన స్పీకర్‌ను వైరు విప్పి మల్టీమీటర్‌తో కొలవండి. 8 ఓమ్‌లది సాధారణంగా 5.5 నుంచి 7 మధ్య, 4 ఓమ్‌లది 3 నుంచి 3.5 మధ్య చూపుతుంది. ముందుగా మీటరు తీగలు రెండూ తాకించి, అప్పుడు కనిపించే అంకెను స్పీకర్ కొలతలోంచి తీసేయాలి.

"సెట్టింగుల్లో ఓమ్‌లు మార్చుకోవాలి"

ఆ మార్పు స్పీకర్‌కు రిసీవర్‌ను "జత" చేయదు. చాలా రిసీవర్లలో అది యాంప్లిఫయర్‌కు అందే వోల్టేజినో, ఇవ్వగల శక్తినో తగ్గిస్తుంది. తక్కువ ఓమ్‌లతో భద్రతా పరీక్ష జరిపినప్పుడు పెట్టె వేడి హద్దు దాటకుండా ఉండడం దాని ఉద్దేశం. ఫలితంగా క్లిప్పింగ్ ముందే మొదలవుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్లున్నవాళ్లు దాన్ని తాకనే అక్కర్లేదు. 4 ఓమ్‌ల స్పీకర్లకు మాన్యువల్ ఆ సెట్టింగ్ తప్పనిసరి అంటే, ఆ రిసీవర్ వాటికి చాలదనే సంకేతంగా తీసుకుని, గట్టిగా వినే అలవాటుంటే పై మోడల్ చూడండి.

నిజంగా భారం తగ్గించేవి వేరే ఉన్నాయి. సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్ పెట్టి, రిసీవర్ సెట్టింగుల్లో మిగతా స్పీకర్లను "స్మాల్" చేసి, క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింది ధ్వని సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్‌కు పెడితే ఎక్కువ శక్తి తినే బేస్ రిసీవర్ మీద నుంచి దిగిపోతుంది. గాలి కూడా అంతే ముఖ్యం. మే నెలలో గదే 38 డిగ్రీలుంటే, అద్దం తలుపు టీవీ యూనిట్‌లో, నెత్తిన సెట్ టాప్ బాక్స్ పెట్టిన రిసీవర్ ఎంత మంచిదైనా ఆగిపోతుంది. పైన కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ, యూనిట్ వెనుక పలక తెరిచి ఉండాలి.

"ఒకే కంపెనీవి"

రిసీవర్‌కూ స్పీకర్లకూ మధ్య ఉండేది రెండు రాగి తీగలు. కంపెనీ పేరుతో పనిలేదు. ముందున్న ఎడమ, సెంటర్, కుడి స్పీకర్లు మాత్రం ఒకే సిరీస్‌వి కావాలి. లేకపోతే తెర మీద కారు ఇటు నుంచి అటు వెళ్తుంటే మధ్యలో దాని గొంతు మారిపోతుంది.

మరి ఎలా కొనాలి

ముందు స్పీకర్లు ఎంచుకోండి, తర్వాత రిసీవర్. సోఫా దూరం, సెన్సిటివిటీ, ఎంత గట్టిగా వింటారన్నవి పై లెక్కలో వేసి, వచ్చినదాన్ని రెట్టింపు చేసుకోండి. ఆ అంకె 80 లోపు ఉంటే, కనిష్ఠ ఇంపీడెన్స్ 5 ఓమ్‌ల పైన ఉంటే, పేరున్న కంపెనీ మధ్యశ్రేణి రిసీవర్ చాలు. మిగిలే డబ్బు మంచి సబ్‌వూఫర్‌కు పెట్టండి. అంకె 150 దాటితే వాట్ల వెంట పరుగెత్తకుండా ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లు చూడండి. అవే స్పీకర్లు కావాలంటే ప్రీ-అవుట్లు (విడి యాంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్లు) ఉన్న రిసీవర్ తీసుకోండి. డెనాన్ ఏవీఆర్-ఎక్స్3800హెచ్ లాంటివాటిలో అన్ని ఛానళ్లకూ ఉంటాయి, ముందు స్పీకర్లకు తర్వాతైనా విడి పవర్ యాంప్లిఫయర్ కలపొచ్చు.

అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవాళ్లు వెనుక లేబుల్ చూడాలి. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230కి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. అది 300 వీఏ (వోల్ట్-ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం) చిన్నదైతే, పెద్ద సన్నివేశాల్లో వోల్టేజి పడిపోయి రిసీవర్ వాట్లు కూడా పడిపోతాయి. 1000 వీఏ పెట్టుకోవాలి.

వైరు విషయం: 10 మీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో నిరోధం పావు ఓమ్ ఉంటుంది. 8 ఓమ్‌లకు పర్వాలేదు, 4 ఓమ్‌లకు 2.5 వాడండి. రాగి పూసిన అల్యూమినియం వైరు చవకే కానీ నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. బిగించేటప్పుడు ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా రిసీవర్ ప్రొటెక్ట్‌లోకి వెళ్తుంది. కొత్త రిసీవర్ ఆన్ చేయగానే ఆగిపోతుంటే ముందు వెతకాల్సింది ఆ పోగునే.

చివరగా మైక్ సెటప్ అయ్యాక స్పీకర్ల సైజు ఏమని పెట్టిందో చూడండి. కాస్త పెద్ద స్పీకర్లు కనబడితే చాలా రిసీవర్లు "లార్జ్" అనో 40 హెర్ట్జ్ అనో పెట్టేస్తాయి. దాన్ని "స్మాల్", 80 హెర్ట్జ్‌కు మార్చండి. ఈ మార్పు తర్వాత మైక్ కొలతలు మళ్లీ తీసుకోనక్కర్లేదు.