పూర్వ విద్యార్థుల కబుర్లంటే పదవులేనా?
ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి 2007లో సాఫ్ట్‌వేర్ సంస్థ అడోబీకి సీఈఓ అయిన శంతను నారాయణ్ వంటి వారి విజయాలకే పూర్వ విద్యార్థుల వార్తల్లో పెద్దపీట వేయాలని, ఇప్పటి పిల్లలకు స్ఫూర్తి కలిగించేవి అవేనని ఒక వ్యాసకర్త అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మా ఎం.ఏ. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకరికి గ్రీన్ కార్డు వచ్చిందన్న కబురుకు నాలుగు బొటనవేళ్లు వచ్చి ఆగిపోగా, పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన మిత్రుడు, మెడలో దండతో, పిల్లలు రాసిచ్చిన ఉత్తరాల కట్ట చేత పట్టుకుని దిగిన ఫోటోకు మాత్రం డల్లాస్‌లో ఉన్నవారు సైతం అర్ధరాత్రి మేలుకొని (వాళ్లు మామూలుగా పండక్కి కూడా పలకరు) ఫోన్లు చేశారు. పూర్వ విద్యార్థుల సంఘం పంపిన ఫారంలో హోదా, సంస్థ, వార్షికాదాయం తప్ప వేరే గళ్లు లేకపోవడంతో ఆయన దాన్ని నింపకుండానే పక్కన పెట్టేశారు.