ఒక్క మగ ఎలుక చెబితే లోకమంతా చెప్పినట్టే!

ఒక పెట్టె. గోడలోంచి చిన్న మీట బయటికొస్తుంది. కొన్ని సెకన్లకి పక్క గిన్నెలో తీపి గుళిక పడుతుంది. మీట నొక్కినా పడుతుంది, నొక్కకపోయినా పడుతుంది. అయినా కొన్ని చిట్టెలుకలు మీట కనపడగానే ఉరికి దాన్ని నాకి, కొరికి మురిసిపోతాయి. కొన్ని మాత్రం మీట వంక చూడకుండా గిన్నె దగ్గర కాపు కాస్తాయి. కుక్కర్ కూత పెడితే స్టవ్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు, కంచం ముందు కూర్చునేవాళ్లు మన ఇళ్లల్లోనూ ఉంటారు కదా. మా ఇంట్లో ఆ రెండో రకం నేనే.

ఏ ఎలుక ఏ రకమన్నది దాని వంశాన్ని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి కూడా మారొచ్చట. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. హాయిగా సాగుతున్న శాస్త్రంలోకి ఇప్పుడు ఆడవాళ్లని లాక్కురావడం దేనికి?

ఇన్నాళ్లూ ల్యాబుల్లో పెద్దపీట బ్లాక్ సిక్స్ అనే నల్ల ఎలుకది. 1921లో అమెరికాలో క్లారెన్స్ లిటిల్ మొదలుపెట్టిన వంశం. దాని మూలపుటమ్మ 57వ నంబరు ఆడ ఎలుక (ఈ సంగతి ఎక్కువ మందికి చెప్పకండి). వరసగా 20 తరాలు అన్నాచెల్లెళ్లని జతకడితే గానీ శుద్ధ వంశమని ఒప్పుకోరు. మేనరికమంటేనే టెన్షన్ పడే మనం, ఆ ఇంటి మగపిల్లాడు ఏం చేస్తే అదే లోకరీతి అని నమ్మాం. మందు పెడితే బ్లాక్ సిక్స్ ఇష్టంగా తాగుతుంది. డీబీఏ అనే ఇంకో వంశం మూతి తిప్పుకుంటుంది. ఎవర్ని పిలిచామన్నదాన్ని బట్టి తాగుడు సిద్ధాంతమే మారిపోతుందన్నమాట!

ప్రయోగాలకి ఆడ ఎలుకల్ని ఎందుకు తీసుకోరని అడిగితే, వాటికి నాలుగైదు రోజులకోసారి హార్మోన్లు మారతాయి, లెక్కలు కుదరవు అనేవారు. పెద్దలు చెప్పాక ఇంకేముంది? తీరా 293 పరిశోధనా పత్రాలు తిరగేసి 2014లో తేల్చిందేమిటంటే, ఆడవాటి లెక్కలు మగవాటికంటే ఎక్కువేమీ ఊగవు. కొన్ని విషయాల్లో మగవాటివే ఎక్కువ ఊగుతాయి. ఒకే బోనులో ఉంచితే మగ ఎలుకలు పెద్దరికం కోసం కొట్టుకుంటాయి కూడా. దాన్ని మూడ్ అనకూడదు, నాయకత్వ లక్షణం అనాలి.

మెదడు పరిశోధనల్లో మగవాటి మీద మాత్రమే చేసినవి అయిదున్నరైతే, ఆడవాటి మీద మాత్రమే చేసినవి ఒకటి అని 2011లో లెక్క తేలింది. ఎవరూ పెద్దగా కదల్లేదు. 2016లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్, నిధులు కావాలంటే ఆడా మగా రెండింటినీ లెక్కలోకి తీసుకోండి, లేదా ఎందుకు తీసుకోలేదో గట్టి కారణం చూపండి అంది. అప్పటిదాకా మీట నాకుతూ కూర్చున్నవాళ్లకి గిన్నె ఎక్కడుందో ఠక్కున గుర్తొచ్చింది.